సమస్యాపూరణం: పెట్టెకన్న పొడుగు కట్టె పట్టె

నిర్వాహకుడు, తిరుపతి:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. పెట్టె–కట్టె ప్రాసయతి, అంటే యతికి బదులు రెండో అక్షరం ‘ట్టె’ కలవడం. పెట్టె లోపల పొడవు 12 అంగుళాలు, వెడల్పు 4, లోతు 3. కట్టె 13 అంగుళాలు. విరవకూడదు, మూత పడాలి.

చంద్రగిరి కోలాటం:

అడుగు పలకమీద నైమూలగాఁ బెట్ట
కోరికొన్న కర్ర కూరుచుండె
మాడవీధి యాట మాకింక సులువయ్యె
పెట్టెకన్న పొడుగు కట్టె పట్టె

నిర్వాహకుడు:
అమ్మా, మూడో పాదం చదవగానే బ్రహ్మోత్సవాల కోలాటం కళ్లముందు ఆడింది. ‘ఐమూల’, అంటే ఒక మూల నుంచి ఎదుటి మూలకు, అచ్చంగా మన మాట, అ–ఐ యతీ సరిపోయింది. అయితే లెక్క తగ్గింది. అడుగు పలక మీద ఐమూల కొలత 144కు 16 కలిపితే 160, దాని వర్గమూలం సుమారు 12.65. 13 అంగుళాల కర్ర అక్కడ పడుకోదు.

పలమనేరు నుంచి వచ్చిన పూరణలో కర్రను రెండు ముక్కలు చేశారు. అది సమస్యను విప్పడం కాదు, తప్పించుకోవడం.

పుత్తూరు లెక్కల మాస్టారు:

మూడు నాల్గు కలియ మూలకొలత యైదు
పదియు రెండు దాని పక్క నిలువ
కర్ణమగుచు వచ్చెఁ గద పదమూడిట్లు
పెట్టెకన్న పొడుగు కట్టె పట్టె

నిర్వాహకుడు:
మాస్టారూ, నమస్కారం. ‘నిలువ’ అన్న ఒక్క మాటలో లంబకోణం వచ్చేసింది. పెట్టె చివరి పలక 3, 4 భుజాలది, దాని కర్ణం 5. పొడవు అంచు ఆ పలకకు నిటారుగా ఉంటుంది కనుక పలక మీద గీసిన ఏ గీతతోనైనా లంబకోణమే. అలా 5, 12 భుజాలుగా రెండో లంబకోణ త్రిభుజం దొరికింది. 25, 144 కలిస్తే 169, కర్ణం 13. మొదటి త్రిభుజం అడుగు పలక మీద గీసినా 160కి లోతు వర్గం 9 చేరి అదే 169. మీ దారిలో మాత్రం వర్గమూలం ఎక్కడా చిక్కుపడదు, అందుకే అది పద్యంలో ఇమిడింది. ఒక్క లోటు: ఆ మూడూ నాలుగూ దేని కొలతలో పద్యం చెప్పలేదు.

చంద్రగిరి కోలాటం:
మొదటి పాదం మార్చానండీ: “అడుగుమూల నుండి యైమూలగా నెత్త.” తర్వాత కర్ర తీసుకొని అదే కొలతల పెట్టెలో పెట్టి చూశాను. 13 అంగుళాలది పట్టలేదు, మూత లేచే ఉంది.

పుత్తూరు లెక్కల మాస్టారు:
13 అనేది లావు లేని గీతకమ్మా. కర్రకు లావుంది కదా, కొన మూలదాకా పోదు.

చంద్రగిరి కోలాటం:
అర అంగుళం లావుతో పన్నెండున్నర అంగుళాలది ఇంకొకటుంది. అడుగున ఐమూలగా పెడితే కొన పలకకు ఆనింది. ఒక కొనను పైమూలకు ఎత్తాను, మూత పడింది.

నిర్వాహకుడు:
సమస్యలో కట్టె కొలత పన్నెండున్నర అని దిద్దాను. మాస్టారూ, మీ మూడో పాదం మళ్లీ రాయాలి.