వాన పడితే రేస్ ఆపేయడం ఎందుకు?

ప్రశ్న: వర్షం టైర్లు ఉన్నాయి కదా, మరి 2021లో బెల్జియంలోని స్పా ఫార్ములా వన్ రేస్‌లో గంటల తరబడి జనాన్ని తడిపి, అందరినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కార్ వెనకాల కొన్ని చుట్లు తిప్పి అయిపోయిందనడం ఏంటండీ? దానికి మళ్లీ సగం పాయింట్లు!

జవాబు: పట్టు ఒక్కటే కాదండీ సమస్య, అసలు కనపడదు. ముందు కారు టైర్లు చిమ్మే నీళ్లు పొగమంచులా లేచి, వెనకవాడికి ఎదురుగా మినుకుమనే ఎర్ర లైటు తప్ప ఏమీ ఉండదు, అదీ కనిపిస్తే. మధ్యలో ఎవరి కారైనా గిర్రున తిరిగి అడ్డంగా ఆగిపోతే ఇంక చెప్పేదేముంది. 2014లో జపాన్‌లోని సుజుకాలో డ్రైవర్ బియాంకి కారు వానలో జారి, ఆగిపోయిన కార్లను తీసే రికవరీ క్రేన్‌ను గుద్దింది, అప్పటినుంచి ఎవరూ రిస్క్ తీసుకోవట్లేదు. నాకైతే అదే కరెక్ట్ అనిపిస్తుంది.

జవాబు: సగం పాయింట్లంటే గుర్తొచ్చింది, 1984 మొనాకో. వానకి రేస్ ఆపేశారు, ప్రోస్ట్ గెలిచి 9కి సగం, 4.5 తీసుకున్నాడు, రెండో స్థానంలో ఉన్న సెన్నా అప్పటికే దగ్గరికొచ్చేశాడు. చివరికి ప్రోస్ట్ ఛాంపియన్‌షిప్ లౌడాకి పోగొట్టుకుంది అర పాయింటుతో! పూర్తిగా నడిచి రెండో స్థానం వచ్చినా 6 దక్కేవి.

ప్రశ్న అడిగినవారు: అయ్యబాబోయ్, అర పాయింటా! సరే, కానీ స్పాలో పాయింట్లు ఇవ్వకుండా ఉండాల్సింది.

జవాబు: ఆ గొడవ తర్వాతే రూల్ మార్చారు, సేఫ్టీ కార్ లేకుండా కనీసం 2 ల్యాప్‌లు నడవకపోతే ఇప్పుడు పాయింట్లే లేవు.