చర్చ: ఓడిపోయే చెస్ గేమ్‌లో రిజైన్ చేయాలా (ఓటమి ఒప్పుకుని లేచిపోవాలా), చెక్‌మేట్ దాకా కూర్చోవాలా?

అండర్11_నాన్న:
మా పాప అండర్-11 ఆడుతోంది. మొన్న సెలెక్షన్స్‌లో ఇద్దరికీ చెరో రూక్ మిగిలింది, ఎదుటి పిల్లకి అదనంగా ఒక బంటు. మా పాప కింగ్ ఆ బంటుకి ఎదురుగా అడ్డంగానే ఉంది. అయినా చెయ్యి కలిపేసి లేచి వచ్చేసింది. కోచ్ గారు స్కోర్‌షీట్ చూసి అది డ్రా చేసుకోదగ్గ పొజిషన్ అన్నారు. ఇకమీదట మేట్ అయ్యేదాకా రిజైన్ చేయకూడదని రూల్ పెట్టారు. టోర్నీలు ఆడిన మా బావమరిది మాత్రం పిల్లకి చెడ్డ అలవాటు నేర్పుతున్నారంటాడు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మూడో_వరస:
కోచ్ గారిదే కరెక్టు. మీరు చెప్పినదాన్ని బట్టి అది ఫిలిడార్ పొజిషన్ అయ్యుండాలి. ఫ్రెంచి ఆటగాడు ఫిలిడార్ 1777లోనే చూపించాడు. మన రూక్‌ని మన వైపు నుంచి మూడో వరసలో నిలబెడితే ఎదుటి కింగ్ ముందుకు రాలేదు. చేసేది లేక వాళ్లు బంటుని ఆ వరసలోకి తోశారా, మన రూక్ వెంటనే బోర్డు ఆ చివరికి పోయి వెనక నుంచి చెక్‌ల మీద చెక్‌లు ఇస్తుంది. బంటు ముందుకి వెళ్లిపోయింది కాబట్టి వాళ్ల కింగ్ దాక్కోవడానికి చోటుండదు.

ఇలాంటిదే ఇంకోటుంది. ఎదుటివాళ్లకి క్వీన్ వచ్చేసింది, మనకి ఏడో వరసకి చేరిన సి-బంటు (ఒక అంచు నుంచి మూడో నిలువు వరసలోది), పక్కనే మన కింగ్. వాళ్ల కింగ్ దూరంగా ఉంటే అది డ్రా. మన కింగ్ మూలకి దూరిపోతుంది, క్వీన్ బంటుని కొడితే స్టేల్‌మేట్, అంటే చెక్ లేకుండానే మనకి వేయడానికి ఎత్తు లేని స్థితి, డ్రా. ఎదుటివాళ్ల క్వీన్ కనపడగానే లేచిపోయే పిల్లలకి ఈ సంగతి ఎప్పటికి తెలియాలి?

బ్లిట్జ్_రాయుడు:
పుస్తకంలో డ్రా అయ్యేవి వేరే సంగతి. నా గొడవంతా రూక్ పోయి, బిషప్ పోయి, ఒక్క బంటు కూడా లేకుండా కూర్చునేవాళ్లతోనే. రోజుకి రెండు రౌండ్లుండే టోర్నీలో ఇద్దరి ఓపికా అక్కడే అయిపోతుంది. మధ్యాహ్నం రౌండ్‌కి మొహం కడుక్కునే టైమ్ కూడా మిగలదు. పైగా ‘నువ్వు ఇది కూడా గెలవలేవు’ అని ఎదుటివాడి మొహం మీద చెప్పినట్టే కదా. మీ బావమరిది గారు అన్నదాంట్లో తప్పేం లేదు సార్.

ఓపెనింగ్_మర్చిపోయా:
రాయుడు బ్రో, గుకేశ్ సంగతేంటి మరి? 2025 జూన్ 1, నార్వే చెస్. మన తెలుగింటి అబ్బాయి కార్ల్‌సన్ ముందు చాలాసేపు ఓడిపోయే గేమే ఆడాడు. లేచిపోలేదు. చివర్లో టైమ్ ఒత్తిడిలో కార్ల్‌సన్ 52వ ఎత్తులో నైట్‌తో చెక్ ఇచ్చి మొత్తం చేజార్చుకున్నాడు. కోపంతో బల్ల గుద్దితే పావులు ఎగిరిపడ్డాయి. ఆ వీడియో చూడనివాళ్లున్నారా?

బ్లిట్జ్_రాయుడు:
చూశాను, రెండుసార్లు గెంతాను కూడా. కానీ అక్కడ బోర్డు మీద పావులున్నాయి, చిక్కులున్నాయి, కార్ల్‌సన్ గడియారంలో టైమ్ లేదు. వందలో తొంభై తొమ్మిదిసార్లు ఓడిపోయే గేమని గుకేశే చెప్పాడు. ఆ వందో గేమ్ చూపించి క్వీన్ పోయినవాడు కూడా కూర్చుంటే ఎలా?

పాత_స్కోర్‌షీట్:
మీరిద్దరూ రెండు వేర్వేరు విషయాలు మాట్లాడుతున్నారు. ఓడిపోయిన గేమ్‌ని ఎంతసేపు లాగాలన్నది మర్యాద సంగతి, అందులో రాయుడితో నాకు పేచీ లేదు. ఓడిపోయామో లేదో సరిగ్గా చూడకుండానే లేచిపోవడం ఆట సంగతి. పాప చేసింది రెండోది, పెద్ద పెద్దవాళ్లు కూడా చేశారు.

1902 మాంటెకార్లోలో పోపియెల్ మీద మార్కో. నల్ల పావులతో ఆడుతున్న మార్కో బిషప్ డి4లో పిన్‌లో ఇరుక్కుంది, అంటే అది కదిలితే వెనకున్న రూక్ మీద దెబ్బ పడుతుంది. ఎలాగూ పోతుందనుకుని రిజైన్ చేశాడు. ఆ బిషప్‌నే జి1 గడిలో పెడితే గెలిచేవాడు! హెచ్2లో క్వీన్‌తో మేట్ బెదిరింపు ఒకటి, దారి తెరుచుకుని రూక్ నేరుగా తెల్ల క్వీన్ మీద పడటం ఇంకొకటి. తెల్ల కింగ్ బిషప్‌ని కొడితే క్వీన్ పోతుంది. పిన్‌లో ఉన్న పావు కదలకూడదని మనసులో పడిపోతే ఆ ఎత్తు కంటికి ఆనదు.

1997లో ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూతో రెండో గేమ్‌లో కాస్పరోవ్ 45 ఎత్తులకే రిజైన్ చేశాడు. వరస చెక్‌లతో డ్రాకి దారి ఉందని తర్వాత విశ్లేషకులు చూపించారు. మెషీన్ అన్నీ లెక్కేసే ఉంటుందని నమ్మేశాడని నా అభిప్రాయం. మన పిల్లలూ అంతే. ఎదుటివాళ్ల రేటింగ్ రెండొందలు ఎక్కువని తెలిస్తే చాలు, సగం గేమ్ అక్కడే అప్పజెప్పేస్తారు.

ఓపెనింగ్_మర్చిపోయా:
చివర్లో వలపన్నడం కూడా ఒక విద్యే కదా. 1963-64 అమెరికా ఛాంపియన్‌షిప్‌లో రెషెవ్‌స్కీ మీద ఎవాన్స్ ఓడిపోయే గేమ్‌లో ఊరికే హెచ్-బంటు తోశాడు. రెషెవ్‌స్కీ ఆశపడి క్వీన్‌తో జి3 బంటు కొట్టాడు. ఎవాన్స్ క్వీన్‌ని జి8లో చెక్‌గా ఇచ్చేశాడు, కింగ్ కొట్టక తప్పలేదు. తర్వాత రూక్ జి7లో చెక్. దాన్ని దేంతో కొట్టినా స్టేల్‌మేట్, కొట్టకపోతే చెక్‌లు ఆగవు. డ్రా. ఆ రూక్‌కి ఎటర్నల్ రూక్ అనే పేరు నిలిచిపోయింది.

అండర్11_నాన్న:
నిన్న రాత్రి పాపని కూర్చోబెట్టి అడిగాను, ఎందుకు లేచావమ్మా అని. ఓడిపోతానని కాదట. పక్క బోర్డులన్నీ అయిపోయాయి, ఆడటం అయిపోయిన పిల్లలంతా తన చుట్టూ చేరి చూస్తున్నారు, సిగ్గేసిందట.

పాత_స్కోర్‌షీట్:
చూశారా! ఈ వయసులో సగం రిజైన్లు ఇలాంటివేనండీ. బోర్డు మీద కారణం ఉండదు. అందుకే పిల్లలకి కోచ్ గారి రూలే మంచిది, లేచే అవకాశమే లేకపోతే చూసేవాళ్ల మీద ధ్యాస పోదు. కాస్త పెద్దయ్యాక మార్చొచ్చు. రిజైన్ చేయబోయే ముందు, ఎదుటివాళ్లు ఎలా గెలుస్తారో మనసులో ఎత్తులు వరసగా చెప్పుకోమనండి. చెప్పుకోగలిగితే లేవొచ్చు, మధ్యలో ఎక్కడైనా ఆగిపోతే ఆడాల్సిందే.

మూడో_వరస:
ఈలోగా ఫిలిడార్ ఇంట్లో పెట్టి ఆడించండి సార్. బంటు మీది, కాపాడుకోవడం పాపది. పక్కన బావమరిదిని, ఇంకో ఇద్దరిని నిలబెట్టి చూడమనండి.

బ్లిట్జ్_రాయుడు:
పిల్లల వరకు ఒప్పుకుంటున్నా. పాప రేటింగ్ 1600 దాటగానే మాత్రం ఆ రూల్ తీసేయమని కోచ్ గారికి చెప్పండి. ఏదో ఒక ఓపెన్‌లో నాకే పెయిరింగ్ పడుతుంది, నాకు భోజనం టైమ్ కావాలి.