మెడలో బిళ్ళలు తీసేశాక ఇమ్యునోథెరపీ పట్టు చూపిస్తుందా?

గుణుపురం గుంటడు:
మా మేనత్తది అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం ముప్పై ఏళ్ళ అలవాటు. అంగిట్లో పుండు పడితే ముక్క తీసి పరీక్షకి పంపాం, కేన్సరన్నారు. మెడకి కుడిపక్క రెండు బిళ్ళలు కట్టాయి, వేలితో తడిమితే చింతపిక్కల్లా తగుల్తున్నాయి. విశాఖ డాక్టరుగారు ఆపరేషను చేసి, మెడలో గ్రంథులన్నీ తీసేసి, తర్వాత కరెంటు (రేడియేషను) పెడదామన్నారు. బరంపురంలో చదువుతున్న మా బావేమో ‘గ్రంథులు తీసేస్తే ఇమ్యునోథెరపీ మందుకి ఇక పనేముంటుంది, ముందే ఇప్పించండి’ అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

మందులకొట్టు అమ్మడు, రాయగడ:
మీ బావ మాటలో పస ఉంది తమ్ముడూ. ఆ మందు తనంతట తాను కేన్సర్‌ని చంపదు. ఒంటికి కాపలా కాసే తెల్లకణాల్లో టీ కణాలని ఉంటాయి, వాటి మీద పీడీ-1 అనే బ్రేకు ఉంటుంది, దాన్ని వదులు చేస్తుందంతే. ఆ కణాలు శత్రువుని గుర్తుపట్టడం నేర్చుకునే తాలింఖానా గడ్డ పక్కనున్న లింఫు గ్రంథే. మెలనోమా అనే చర్మ కేన్సర్ మీద 2023లో వచ్చిన ఎస్1801 ప్రయోగం చూడండి. రెండు జట్లకీ మొత్తం 18 డోసులే. ఒక జట్టుకి అందులో 3 ఆపరేషనుకి ముందే ఇచ్చారు. రెండేళ్ళకి జబ్బు ముదరకుండా, తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు ఆ జట్టులో 72 శాతం, అన్నీ తర్వాతే ఇచ్చిన జట్టులో 49. మందు అదే, లెక్కా అదే, వేళ ఒక్కటే తేడా.

జయపురం మాష్టారు:
అమ్మడూ, ఆ తేడా గ్రంథుల వల్లే వచ్చిందని ఎలా అనగలం? ఆపరేషనుకి ముందు గడ్డ కూడా ఒంట్లోనే ఉంటుంది, టీ కణాలకి చూపించడానికి సరుకు దండిగా దొరుకుతుంది. తల-మెడ కేన్సర్‌లో నివోపోస్టాప్ ప్రయోగం సంగతేమిటి మరి? అందులో అందరికీ ఆపరేషను అయిపోయింది. ఆ తర్వాత కీమో, కరెంటుతో పాటు ఆ బ్రేకు వదులు చేసే నివోలుమాబ్ కలిపితే మూడేళ్ళకి జబ్బు లేకుండా ఉన్నవాళ్ళు 52 నుంచి 63 శాతానికి పెరిగారు. ఒక తాలింఖానా మూస్తే ఊళ్ళో ఇంకోటి ఉండదా? పైగా కేన్సర్ ఎక్కేసిన బిళ్ళలో ఆ శిక్షణ సరిగా సాగదు. మెడ మొత్తానికి కరెంటు పెడితే మాత్రం నాకూ అనుమానమే. కీమో, కరెంటుతో పాటే అదే కోవ మందు అవెలుమాబ్ ఇచ్చి చూసిన జావెలిన్ ప్రయోగం 2021లో తుస్సుమంది, మంచి గ్రంథులు కూడా కాలిపోవడమే కారణమని కొందరి వాదన. అలాగని కరెంటునే తిట్టలేం. ఊపిరితిత్తుల కేన్సర్‌లో కీమో, కరెంటు అయ్యాక అదే కోవ మందు దుర్వాలుమాబ్ ఇస్తే ఐదేళ్ళు బతికినవాళ్ళు 43 శాతం, ఇవ్వకపోతే 33.

కాశీనగరం రైతు:
మీ లెక్కలు బాగున్నాయి గానీ నా గోడు వినండి. మా నాన్నకి దవడ కేన్సర్. ఎవరో ఇంజెక్షన్ అన్నారని డబ్బు కోసం పొలం బేరం పెట్టి రెండు నెలలు ఆగాం. ఆలోగా నోరు బిగుసుకుపోయి చెంచా కూడా పట్టలేదు, ఆపరేషను చేసే వేళ దాటిందన్నారు. తర్వాత తక్కువ డోసు, మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్, మాత్రలతో కలిపి ఇచ్చారు. ముంబయి టాటా కేన్సర్ ఆసుపత్రి వాళ్ళ పద్ధతట అది. ఏడాది బతికినవాళ్ళు 16 శాతం నుంచి 43కి పెరిగారట. కానీ అది నయం కాని దశకి, తమ్ముడూ. కోయగలిగే జబ్బుకి ఆ లెక్క పట్టుకొచ్చి ఆగకండి.

మందులకొట్టు అమ్మడు:
అన్నా, ఆగమని నేనూ అనను. తల-మెడ కేన్సర్‌కి ముందే ఈ కోవ మందే అయిన పెంబ్రోలిజుమాబ్ ఇచ్చిన కీనోట్-689 ప్రయోగంలో కూడా ఆపరేషనుకి ముందు రెండే డోసులు, ఆ వెంటనే ఆపరేషను, మెడ గ్రంథులు తీయడం మామూలే. అమెరికాలో 2025 జూన్‌లో దానికి అనుమతి వచ్చింది, అదీ పీడీ-ఎల్1 (ఆ పీడీ-1 బ్రేకుని నొక్కే ప్రోటీను) స్కోరు కనీసం 1 ఉన్నవాళ్ళకే. ఆ స్కోరు తెలీకుండా మనం ఇక్కడ ఎంత వాదించుకున్నా గాలిలో మేడలే. మాష్టారు చెప్పిన నివోపోస్టాప్ నేను మర్చిపోయిన మాట నిజమే.

జయపురం మాష్టారు:
ఇంకో మాట. అత్తగారు స్టెరాయిడ్ మాత్రలు గానీ, ఈ మధ్య యాంటీబయాటిక్స్ గానీ వాడి ఉంటే డాక్టరుగారికి చెప్పు నాయనా. వాటికీ ఈ మందుకీ పడదని చాలామంది అనుమానం.

గుణుపురం గుంటడు:
పుండుకి ఆర్‌ఎంపీ దగ్గర ఏవో మాత్రలు రెండు కోర్సులు మింగింది, చీటీ వెతుకుతున్నాను. సోమవారం ప్యాసింజరుకి విశాఖ వెళ్తున్నాం. తీసిన ముక్క మీదే పీడీ-ఎల్1 చేయమని అడుగుతాను, ఆపరేషను తేదీ మాత్రం కదపను. బావకీ అదే చెప్పాను, మూతి ముడుచుకున్నాడు. అత్త చుట్టల కట్ట నా సంచిలో ఉంది, ఇమ్మని పొద్దుట్నుంచీ తగువు.