కౌమారమా, కౌమార్యమా?

మా అమ్మాయి బెంగళూరులోనే సైకాలజీ డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. పుట్టినప్పటి నుంచి ముసలితనం దాకా మనిషి ఎదుగుదల మీద ఐదుగురు కలిసి గ్రూపు ప్రాజెక్టు చేయాలి. ఒక్కొక్కరు ఒక్కో వయసువాళ్ళని కలిసి, మాట్లాడి, రాసుకురావాలని పంచుకున్నారు. మారతహళ్ళిలో మా చుట్టుపక్కల తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ప్రశ్నల కాగితం తెలుగులోనూ కావాలన్నారు.

మొన్న ఆదివారం మా హాల్లో చార్టు పరుచుకుని కూర్చున్నారు. కాఫీలు ఇవ్వడానికి వెళ్ళి చూద్దును కదా, స్కెచ్ పెన్నుతో పెద్దపెద్ద అక్షరాల్లో "శైశవం, బాల్యం, కౌమార్యం, యౌవనం" అని రాసేశారు. ప్రశ్నల కాగితంలోనూ అదే: "మీ కౌమార్యం ఎలా గడిచింది?" గుండె గుభేలుమంది. కౌమార్యం అంటే కన్యాత్వం. వీళ్ళకు కావలసింది కౌమారం. ఒక్క యవత్తు తేడా. ఆ కాగితం పట్టుకుని ఎవరింటి తలుపైనా తట్టి ఉంటే! చార్టు మీద తెల్లకాగితం ముక్క అంటించి దిద్దాం.

మాట దిద్దాక నాకే ఇంకో అనుమానం పట్టుకుంది. గీత రెండో అధ్యాయం 13వ శ్లోకంలో "కౌమారం యౌవనం జరా" అని ఉంది కదా. అక్కడ దశలు మూడే. యౌవనానికి ముందున్నదంతా కౌమారమే, చంటిపిల్లల వయసుతో సహా. ఆయుర్వేదం ఎనిమిది అంగాల్లో కౌమారభృత్యం అంటే పిల్లల వైద్యం. ఇవాళ మనం మాత్రం ఆ మాటను టీనేజీ వయసుకు వాడుతున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది 10 నుంచి 19 ఏళ్ళు. ఆ వయసును ప్రత్యేకమైన దశగా తీసుకుని స్టాన్లీ హాల్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త పెద్ద గ్రంథం రాసింది 1904లో. పాత మాటకు అర్థం కుదించి కొత్త పని అప్పజెప్పాం. అందులో తప్పేం లేదని నా అభిప్రాయం. చార్టు మీద శీర్షికగా కౌమారం ఉండాల్సిందే.

మనుషుల్ని అడిగేటప్పుడు మాత్రం ఆ మాట పనికిరాదు. మా అత్తగారికి 78 ఏళ్ళు. "నానమ్మా, నీ కౌమారం ఎలా గడిచింది?" అని అడిగితే "అదేంటే?" అన్నారు. "పెద్దమనిషి అయ్యాక ఎలా ఉండేది?" అని మార్చి అడిగేసరికి అరగంట ఆగకుండా చెప్పారు. బడి మానిపించారట. తన ఏడో తరగతి తెలుగు వాచకాన్ని బియ్యం డబ్బా వెనక దాచుకుని, మధ్యాహ్నం అందరూ పడుకున్నాక చదువుకునేవారట. నాకు పెళ్ళై ఇరవై రెండేళ్ళయింది, ఈ సంగతి ఒక్కసారి కూడా వినలేదు.

ఆడపిల్లల సంగతి సరే. తాతల్ని అడగడానికి ఇలాంటి ఇంటి మాట ఏముంది?

—

నూనూగు మీసాల వయసు అంటాం కదండీ. నేనైతే "గొంతు మారి, మీసకట్టు వచ్చిన రోజుల్లో" అని అడుగుతాను. "వయసులో ఉన్నప్పుడు" అని మాత్రం అడగొద్దు, పాతికేళ్ళ నాటి ముచ్చట్లు మొదలుపెడతారు.

—

అమ్మా, మీ పిల్లలు మొదటి గడిలో శైశవం అని రాసి వదిలేసినట్టున్నారు. అక్కడ మన ఇంటి లెక్కలున్నాయి కదా. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకు చిలకలు. పాకడానికే ఎన్ని మాటలో చూడండి: పారాడటం, దోగాడటం. మా చిత్తూరు వైపు అంబాడటం అంటాం.

—

ఇద్దరికీ చాలా థాంక్సండీ. మీసకట్టు మాట కాగితంలో చేర్చారు. అరిసెల సంగతి చెప్పగానే పిల్లలు ఎగిరి గంతేశారు. వాళ్ళ దగ్గర ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ఉంది. ఆసరా లేకుండా కూర్చోవడం, పాకడం, పట్టుకుని నిలబడటం, ఇలా ఆరు మెట్లు. పట్టుకోకుండా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడు మొదలైనా మామూలేనట. మన పెద్దవాళ్ళు నెల చూడలేదు, బిడ్డ అడుగేసిన రోజే అరిసెలు వండారు. 2006లో ప్రచురించిన ఆ అధ్యయనంలో మన దేశపు పిల్లలు కూడా ఉన్నారు. అసలు పాకకుండానే నడిచేసిన పిల్లలు నూటికి నలుగురైదుగురు ఉన్నారని చదివి, "అమ్మా, నేను పాకానా?" అని మా అమ్మాయి అడిగింది. పాకలేదు. కూర్చునే జరుగుతూ వెళ్ళి, పదిహేనో నెలలో లేచి నడిచింది. దానికి అప్పట్లో ఎంత బెంగపడ్డానో!

మొదటి గడిలో ఇప్పుడు పట్టిక ఒక పక్క, అరిసెలు, బొబ్బట్లు ఇంకో పక్క గీస్తున్నారు. కూర్చుని జరగడానికి మీ వైపు ప్రత్యేకమైన మాట ఉంటే చెప్పండి, శనివారం లోపు చార్టులో రాయిస్తాను.