నాన్న కాళ్లకి పెప్టైడ్ క్రీము రాయొచ్చా?

రాజోలు అమ్మాయి:
నాన్న మొదట వరి చేశారు, ఇప్పుడు వనామీ రొయ్యల చెరువు. ముప్పై ఏళ్లుగా నీళ్లలోనే. తెల్లారకముందే చెక్‌ట్రేలు, అంటే రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిపే పళ్లాలు, చూడ్డానికి దిగుతారు. కాలివేళ్ల సందులు పాచిపోయి ఎర్రగా వాచాయి. రాత్రంతా మంట, సలుపు. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే నాలుగు రోజులు తగ్గి, మళ్లీ రెట్టింపైంది. కప్ప చర్మంలోని పెప్టైడ్లు (ప్రొటీన్ల లాంటివే, చిన్నవి) క్రిముల్ని చంపి, వాపూ నొప్పీ తగ్గిస్తాయని చదివాను. ఆన్‌లైన్‌లో పెప్టైడ్ క్రీము కనిపించింది. తెప్పించనా? ఆయన కుంటుతూ నడుస్తుంటే చూడలేకపోతున్నాను.

భీమవరం ఫార్మసిస్టు:
ముందు ఆ ట్యూబు వెనక చదవండమ్మా. క్లోబెటసాల్ అనో బీటామెథసోన్ అనో ఉంటే అది స్టెరాయిడ్. వాపుని అణిచేస్తుంది, కింద ఫంగస్ ఉంటే దాన్ని పెంచుతుంది. చెరువుల మీద పనిచేసేవాళ్లు ఇలాంటి ట్యూబులు పట్టుకుని మా షాపుకి వస్తూనే ఉంటారు, నాకు చాలా బాధగా ఉంటుంది.

పెప్టైడ్ల సంగతి నిజమే. ఆపరేషన్ చేసిన ఆఫ్రికా కప్పల్ని మురికి నీళ్లలో వదిలినా పుండు చీము పట్టడం లేదేమిటని మైకేల్ జాస్లాఫ్ అనే పరిశోధకుడు వెతికారు. అలా 1987లో మాగైనిన్లు అనే పెప్టైడ్లు బయటపడ్డాయి. అవి బాక్టీరియా పొరకి అతుక్కుని చిల్లులు పొడుస్తాయి. వాటి నమూనాతో చేసిన పెక్సిగానన్ క్రీముని షుగరు వాళ్ల కాలి పుళ్లకి వాడి చూశారు. 1999లో అమెరికాలో అనుమతి రాలేదు.

మన చర్మంలోనూ ఎల్‌ఎల్-37 అనే ఇలాంటి పెప్టైడ్ ఉంది. పుండు మానడానికి సాయపడుతుంది. సోరియాసిస్‌లో అదే ఎక్కువై, మన డీఎన్‌ఏతోనే జతకట్టి వాపుని రాజేస్తుంది. అందుకే ఎంత రాస్తే అంత మంచిదనుకోకూడదు. ఇక నొప్పికంటారా, సముద్రపు నత్త విషం నమూనాతో చేసిన జైకోనోటైడ్ అనే పెప్టైడుకి 2004లో అనుమతి వచ్చింది గానీ, దాన్ని వెన్నులోకి ఎక్కించాలి. ఆన్‌లైన్‌లో పెప్టైడ్ పేరుతో అమ్మేవి చాలావరకు ముడతల క్రీములు. వద్దమ్మా. చర్మ డాక్టరుకి చూపించండి, ట్యూబు కూడా తీసుకెళ్లండి. షుగరు పరీక్ష మరవద్దు.

గట్టు మీద మనిషి:
మన వనామీ రక్తంలోనూ ఇలాంటివి ఉన్నాయండీ. పీనియిడిన్లు అంటారు, 1997లో కనిపెట్టారు. చెరువులో అన్ని క్రిముల మధ్య రొయ్య బతికేది కొంత వాటి వల్లేనట. మీ నాన్నగారికి మాత్రం రెండు జతల బూట్లు కొనండి. ఒకటి ఎండలో ఆరుతుంటే రెండోది తొడుక్కోవచ్చు. బూట్లో నీళ్లు నిలిస్తే ఉత్త కాళ్లకన్నా అన్యాయం.

రాజోలు అమ్మాయి:
చూశాను. క్లోబెటసాలే. రేపు అమలాపురం తీసుకెళ్తున్నాను. రొయ్యల పట్టుబడి అయ్యాక వస్తానంటున్నారు నాన్న. దానికింకా పన్నెండు రోజులుంది. ఆగనివ్వను.