ఎనిమిదో తరగతి పిల్లలకు రాజ్యాంగం గురించి ఎలా చెప్పాలి? కాస్త సాయం చేయండి

అందరికీ నమస్కారం. మా ఊళ్లో సాయంత్రం పూట పదిమంది పిల్లలకు ట్యూషన్ చెప్తాను. నవంబర్ 26న రాజ్యాంగ దినోత్సవానికి బళ్లో మాట్లాడాలి, స్పీచ్ రాసిమ్మని ఒక పాప అడిగింది. 1949లో ఆమోదించారు, 1950 జనవరి 26న అమల్లోకి వచ్చింది, అంబేడ్కర్ గారు ముసాయిదా కమిటీ అధ్యక్షులు... ఇలా రాయిస్తుంటే వెనక నుంచి ఒకడు, "అదంతా ఢిల్లీ వాళ్లకి కదా సార్, మనకేంటి?" అన్నాడు.

చటుక్కున మా తాతయ్య గుర్తొచ్చాడు. టీ కొట్టు చూరు కింద ఆయనకి గ్లాసు వేరే ఉండేదట. తాగి, తనే కడిగి, అక్కడే పెట్టి రావాలి. రాజ్యాంగం వచ్చాక కూడా చాలా ఏళ్లు అలాగే నడిచింది. ఆ సంగతి చెప్పి 15వ అధికరణం చదివి వినిపించాను. కులం, మతం లాంటివి చూపి ఎవరినీ అడ్డుకోకూడని చోట్లు దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని అందులో పేరుపేరునా ఉంది. "బావి కూడా రాశారా!" అని వాడు నోరెళ్లబెట్టాడు.

ఇలాంటివే ఇంకా కావాలి. అరెస్టు చేస్తే 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలనే 22వ అధికరణం, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత చదువునిచ్చే 21ఎ తెలుసు. కానీ నేను చెప్తే లాయరు నోటీసులా ఉంటోంది. మీ ఇంట్లోనో ఊళ్లోనో ఏ అధికరణమైనా నిజంగా అక్కరకొచ్చిన సంగతి ఉంటే రాస్తారా? ఇంకో చిక్కు: ఆదేశిక సూత్రాలను, అంటే ప్రభుత్వం ఎలా నడుచుకోవాలో రాజ్యాంగం చెప్పిన మార్గదర్శకాలను, కోర్టుకెళ్లి అమలు చేయించలేమంటే "మరి రాయడం ఎందుకు సార్?" అంటున్నారు. దీనికేం చెప్పాలి? స్పీచ్ మూడు నిమిషాలే.