లాంగ్ విటెన్‌హామ్ పెండన్ మ్యూజియం చూసినోళ్ళు ఉన్నారా?

తిరుచానూరు ఆడబిడ్డ:
తమ్ముడు ఆక్స్‌ఫర్డ్ పక్కన ఉండాడు. నాయనను తీసుకుని జూన్‌లో పోతున్నాం. రైల్వేలో రిటైరయినాడు, పాత బండ్లంటే ప్రాణం. చిన్న చిన్న ఊళ్ళు, రైళ్ళు కట్టిపెట్టిన ఈ మ్యూజియానికి ఒక పూట పెట్టొచ్చా? మోకాళ్ళ నొప్పి, ఎక్కువసేపు నిలబడలేడు.

చిత్తూరు బెల్లం:
తప్పకుండా పెట్టండక్కా. పోయినేడు నేను డిడ్‌కాట్ స్టేషన్‌లో దిగి టాక్సీలో పోయినాను, దగ్గరే. 1925లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన రాయ్ ఇంగ్లండ్ అనే ఆయన మొదలుపెట్టింది ఇది. ఆ పక్క పల్లెల్లో పాత ఇళ్ళు మారిపోతుంటే చూడలేక, ఉన్నవాటిని కొలతలు తీసుకుని బొమ్మలుగా కట్టినాడు. అసలు అడుగు అక్కడ 4 మిల్లీమీటర్లు. ఆరడుగుల మనిషి 24 మిల్లీమీటర్లే.

రైళ్ళ కోసం పోయిన నేను ఇళ్ళ దగ్గరే నిలబడిపోయినా. గోడలు అట్టముక్కలు. కప్పు మీది గడ్డేమో ప్లంబర్లు పైపు మరకు చుట్టే నార! దాన్ని పోగులు పోగులుగా అతికించి, అంచు కత్తిరించినారు. మా అవ్వ వాళ్ళ బోద కొట్టం చూరు గుర్తొచ్చి గొంతు పట్టేసింది. 1930ల నాటి పల్లెలు కడుతున్నారు, వాలంటీర్లు ఇప్పటికీ కడుతూనే ఉండారు.

రోజూ తెరవరు, తేదీ చూసుకుని పోండి. నాయనకు మడత కుర్చీ ఒకటి పెట్టుకోండి.

కొర్లగుంట కుర్రోడు:
అంతదూరం పోలేనోళ్ళకు పుణె కొత్రూడ్‌లో జోషి గారి మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది, 1998 నుంచి. పిల్లలతో పోయినాం, బాగుంది. అది ఎక్కువగా పట్నం బొమ్మ.

పాకాల మీటర్‌గేజి:
మా అమ్మ దసరా కొలువులో ఆవాలు చల్లి పైరు మొలిపించేది, అద్దం ముక్క చెరువు, రంపపు పొట్టుకు పచ్చరంగు. దాని చుట్టూ కీ ఇచ్చే రైలు. ఇప్పుడు పాకాల–ధర్మవరం లైను మీటర్‌గేజి రోజుల్లో ఎట్లుండేదో కట్టాలని ఉంది. దామలచెరువు స్టేషన్, మామిడి సీజను. బజార్లో దొరికే 16.5 మిల్లీమీటర్ల వెడల్పు బొమ్మరైలు పట్టా సరిపోతుందా?

చిత్తూరు బెల్లం:
సరిపోదన్నా. అది విదేశీ 1435 మిల్లీమీటర్ల గేజికి, 1:87 లెక్క, అంటే అసలులో 87వ వంతు. మీటర్‌గేజి ఆ లెక్కలో 11.5 మిల్లీమీటర్లు వస్తుంది, కాబట్టి 12 మిల్లీమీటర్ల పట్టా తీసుకోండి. మన బ్రాడ్‌గేజి (1676 మిల్లీమీటర్లు) కావాలనుకుంటే మాత్రం 1:100 లెక్కలో ఆ 16.5 పట్టానే దాదాపు అతికినట్టు కూర్చుంటుంది. ఇళ్ళు, చెట్లు, మనుషులు అన్నీ అదే లెక్కలో కట్టాలి, లేకుంటే బండి పక్కన మామిడిచెట్టు మొక్కలాగా అగుపిస్తుంది.

తిరుచానూరు ఆడబిడ్డ:
ఇదంతా నాయనకు చదివి వినిపించినా. దామలచెరువు పేరు వినగానే లేచి కూర్చున్నాడు. మామిడికాయ బుట్టలు ప్లాట్‌ఫారం మీద ఏ పక్క పేర్చేవాళ్ళో, నీళ్ళ కుళాయి ఎక్కడుండేదో చెప్తుండాడు. తెల్లకాగితం, స్కేలు అడిగినాడు. పాకాల అన్నా, గీసినాక ఫోటో తీసి ఇక్కడే పెడతా.